ఆగస్టు 9 - రోజు మంచిదా? చెడ్డదా?



మన కథోలిక కుటుంబాల్లో చాలా ఇండ్లలో గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతూ ఉంటాయి. ఒకటి మేత్రాసనం వారు అచ్చు వేయించినది. అందులో పునీతుల పండుగలు, ఆనాటి దివ్యగ్రంథ పఠనాలు ఉంటాయి. రెండవది బజారులో కొన్నదో, కిరాణా దుకాణం వారు ఇచ్చినదో. అందులో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం ఉంటాయి. మామూలు రోజుల్లో ఈ రెండూ పక్కపక్కనే పొరపొచ్చాలు లేకుండా ఉంటాయి. ఇంట్లో పెండ్లి మాట వచ్చిందంటే మాత్రం మన కళ్ళు మొదటిదాన్ని దాటి రెండవదానిమీదికి పోతాయి. "ఫాదరుగారూ, మీరు చెప్పిన తేదీ అమావాస్యటండీ. మాకైతే పట్టింపు లేదు గానీ, వియ్యాలవారు ఒప్పుకోరండీ" అనే మాట వినని విచారణ గురువు మన ప్రాంతంలో ఉండడు. వియ్యాలవారిని అడిగితే వారూ ఇదే మాట చెబుతారు!

ఇది నవ్వుకొని వదిలేసే సంగతి అయితే ఈ పాఠం అవసరం ఉండేది కాదు. "ఈ పిల్ల పుట్టిన వేళ మంచిది కాదు, పుట్టిన నెలకే తండ్రి పని పోయింది" అంటారు. "కోడలు కాలుపెట్టిన ఘడియ ఎలాంటిదో, మామగారు మంచం పట్టారు" అంటారు. జ్ఞానస్నానం పొంది, ప్రతి ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరించే నోటితోనే అంటారు. ఆ పసిబిడ్డ, ఆ కోడలు జీవితాంతం ఆ మాటను మోయాలి. కాబట్టి ఒక రోజు తనంతట తానుగా మంచిది గానీ, చెడ్డది గానీ అవుతుందా అని ఈ వారం మనం కలిసి పరిశీలిద్దాం. హిందూ సోదరుల ఆచారాలను ఎగతాళి చేయడం మన ఉద్దేశం కాదు. మన విశ్వాసం మనకు ఏమి చెబుతుందో తెలుసుకోవడమే ఉద్దేశం.

వాదనకంటే ముందు చరిత్ర చూద్దాం. సంవత్సరంలో 365 రోజులుండగా ఒకే ఒక్క తేదీని తీసుకుందాం: ఆగస్టు 9. మూడు సంవత్సరాల్లో ఆ తేదీన జరిగిన నాలుగు సంఘటనలను వరుసగా చదవండి.

1942 : ఒకే ఆదివారం, రెండు చోట్ల

1942 ఆగస్టు 9 ఆదివారం. అంతకుముందు రాత్రి బొంబాయిలోని గోవాలియా టాంక్ మైదానంలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ "క్విట్ ఇండియా" తీర్మానాన్ని ఆమోదించింది. తెల్లవారుజామునే బ్రిటిషు ప్రభుత్వం గాంధీగారిని నిర్బంధించి పూనాలోని ఆగాఖాన్ భవనానికి తరలించింది. నెహ్రూ, పటేల్, ఆజాద్ మొదలైన నాయకులను అహమద్‌నగర్ కోటకు పంపింది. బందరులో వైద్యవృత్తి చేసిన మన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు కూడా ఆ కోటలోనే దాదాపు మూడేళ్ళు బందీగా ఉన్నారు. నాయకులెవ్వరూ లేని ఆ ఉదయం అరుణా అసఫ్ అలీ అనే వనిత అదే మైదానంలో జాతీయ జెండా ఎగురవేశారు. మూడు రోజుల తరువాత, ఆగస్టు 12న, మన తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు ప్రాణాలు విడిచారు. అక్కడి రణరంగ చౌక్ వారి స్మారకమే.

నాయకులు చెరసాల పాలైన ఆ రోజు ఆనాటివారికి దుర్దినంలాగే తోచి ఉంటుంది. ఈనాడు దేశం ఆగస్టు 9ని క్రాంతి దినంగా గౌరవిస్తున్నది. ఆ మైదానం పేరే ఆగస్టు క్రాంతి మైదానం అయింది.

సరిగ్గా ఆ ఆదివారంనాడే, వేల మైళ్ళ అవతల, జర్మనీవారు ఆక్రమించుకున్న పోలండులోని ఔష్‌విట్జ్ మరణశిబిరంలో ఒక కార్మెల్ మఠకన్యను విషవాయువుతో చంపారు. ఆమె పేరు ఎడిత్ స్టెయిన్.

ఈమె 1891 అక్టోబరు 12న బ్రెస్లౌ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆ రోజు యూదులకు మహా పవిత్రమైన ప్రాయశ్చిత్త దినం. ఎడిత్‌కు రెండేళ్ళయినా నిండకముందే తండ్రి చనిపోయాడు. "పుట్టిన వేళ" లెక్కలు చూసేవారైతే పసిదాన్ని ఏమని ఉండేవారో మీరే ఊహించండి. ఆ తల్లి మాత్రం తన చిన్నకూతురు ప్రాయశ్చిత్త దినాన పుట్టడాన్ని దేవుని వరంగానే భావించింది. కలప వ్యాపారం నడిపి పిల్లలను పెంచి పెద్దచేసింది.

ఎడిత్ బాల్యం దాటుతూనే ప్రార్థన మానేశారు. సత్యాన్ని వెదుకుతూ తత్త్వశాస్త్రం చదివారు. ఎడ్మండ్ హుస్సెర్ల్ అనే ప్రఖ్యాత తత్త్వవేత్తకు శిష్యురాలై, 1916లో డాక్టరేటు పొంది, ఆయనకు సహాయకురాలిగా పనిచేశారు. ఆమె పరిశోధనాంశం కూడా గమనించదగినది: ఒక మనిషి మరొక మనిషి బాధను, సంతోషాన్ని లోపలినుండి ఎలా గ్రహించగలుగుతాడు? 1921లో ఆవిలాపుర పునీత తెరేసమ్మగారి ఆత్మకథ చదవడం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. 1922 జనవరి 1న జ్ఞానస్నానం పొందారు. 1933లో హిట్లరు ప్రభుత్వం వచ్చి యూదులను ఉద్యోగాలనుండి తొలగించినప్పుడు ఆమె ఉద్యోగం కూడా పోయింది. ఆ ఏడే అక్టోబరులో కొలోన్ నగరంలోని కార్మెల్ మఠంలో ప్రవేశించి, సిలువ తెరేసా బెనెదిక్త అనే పేరు తీసుకున్నారు. యూదులపై హింస పెరిగినందున 1938 డిసెంబరు 31న ఆమెను హాలండు దేశంలోని ఎఖ్ట్ మఠానికి పంపారు. తరువాత హాలండు కూడా జర్మనీవారి చేతుల్లోకి పోయింది.

1942 జూలై 26 ఆదివారంనాడు హాలండు మేత్రాణులు యూదుల తరలింపును ఖండిస్తూ ఒక లేఖను దేవాలయాలన్నిటిలో చదివించారు. బయటపెట్టవద్దని అధికారులు ముందే చెప్పినా వారు జంకలేదు. దానికి ప్రతీకారంగా నాజీలు కథోలికులైన యూదులను నిర్బంధించారు. ఆగస్టు 2న ఎడిత్‌ను, ఆమె అక్క రోసాను మఠంనుండి తీసుకుపోయారు. వెస్టర్‌బోర్క్ శిబిరంలో దుఃఖంతో నిశ్చేష్టులైన తల్లులు పిల్లలను కూడా పట్టించుకోలేని స్థితిలో ఉంటే, ఎడిత్ ఆ పిల్లలకు ముఖాలు కడిగి, తలలు దువ్వి, అన్నం తినిపించారని చూసినవారు సాక్ష్యమిచ్చారు. ఆగస్టు 7న రైలు కదిలింది. 9న అంతా ముగిసింది. పోపు రెండవ జాన్ పాల్‌గారు 1998 అక్టోబరు 11న ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆమె ఉత్సవం ఆగస్టు 9.

1943 : సంతకం చేయని రైతు

ఒక సంవత్సరం గడిచింది. 1943 ఆగస్టు 9 సోమవారం. బెర్లినుకు దగ్గరలోని బ్రాండెన్‌బుర్గ్ చెరసాలలో ఫ్రాంజ్ యాగర్‌స్టాటర్ అనే ఆస్ట్రియా రైతుకు శిరచ్ఛేదం చేశారు. వయసు 36 ఏళ్ళు.

ఈయన మేధావి కాడు, గురువు కాడు. సెయింట్ రాడెగుండ్ అనే పల్లెలో పొలం దున్నుకునే సంసారి. భార్య ఫ్రాన్సిస్కా, ముగ్గురు చిన్న ఆడపిల్లలు. ఊరి గుడిలో గంట మోగించి, పీఠం సిద్ధం చేసే పని కూడా ఆయనదే. 1938లో హిట్లరు ఆస్ట్రియాను కలుపుకొని ప్రజల సమ్మతి కోరినప్పుడు ఆ ఊరు మొత్తంలో "వద్దు" అని ఓటు వేసినవాడు ఈయన ఒక్కడే. కొంతకాలం సైనిక శిక్షణకు వెళ్ళి వచ్చాక, ఇది అన్యాయపు యుద్ధమని, ఇందులో ఆయుధం పట్టడం పాపమని ఆయన అంతరాత్మ నిశ్చయించుకున్నది. 1943లో మళ్ళీ పిలుపు రాగా, వెళ్ళి "నేను పోరాడను" అని చెప్పాడు. గాయపడినవారికి సేవచేసే పనికి సిద్ధమన్నాడు. అధికారులు అందుకు ఒప్పుకోలేదు.

బంధువులు, ఇరుగుపొరుగు, చివరకు గురువులు, మేత్రాణులు కూడా, "భార్యాబిడ్డల ముఖం చూడు" అని నచ్చజెప్పారు. ఆ మాట సులువుగా కొట్టివేయదగినది కాదు. తండ్రి లేని ముగ్గురు ఆడపిల్లల గతి ఏమిటన్నది ఏ తండ్రి గుండెనైనా కోసే ప్రశ్న. ఫ్రాంజ్ ఆ ప్రశ్నను తప్పించుకోలేదు. బిడ్డలకోసం కూడా అబద్ధంమీద ప్రమాణం చేయలేనన్నాడు. ఒక్క సంతకంతో ప్రాణం దక్కేది. ఆయన చేయలేదు. భార్య కన్నీళ్ళతోనే అయినా ఆయన నిర్ణయానికి అండగా నిలిచింది. తరువాత ఆమె చాలాకాలం ఊరివారి నిందలు మోసింది. 2007 అక్టోబరు 26న లింజ్ నగరంలో శ్రీసభ ఆయనను ధన్యజీవిగా ప్రకటించినప్పుడు 94 ఏళ్ళ ఫ్రాన్సిస్కా ఆ పూజలో పాల్గొన్నది. వందేళ్ళు జీవించి 2013లో కన్నుమూసింది.

1945 : ఉరకామి గంటలు

మరో రెండు సంవత్సరాలు. 1945 ఆగస్టు 9 గురువారం. ఉదయం 11 గంటల 2 నిముషాలకు అమెరికా విమానం జపానులోని నాగసాకి నగరంపై అణుబాంబు వేసింది. ఆ ఏడాది ముగిసేలోగా సుమారు 74,000 మంది మరణించారు.

బాంబు పేలినది ఉరకామి అనే లోయపైన. అక్కడి కథోలిక ప్రధానాలయం అందుకు సుమారు 500 మీటర్ల దూరంలోనే ఉన్నది. మరియమాత మోక్షారోపణ పండుగ దగ్గర పడుతున్నందున ఆ సమయంలో గురువులు గుడిలో పాపసంకీర్తనాలు వింటున్నారు. గురువులు, విశ్వాసులు కలిసే మరణించారు. ఆ విచారణలోని సుమారు 12,000 మంది కథోలికులలో దాదాపు 8,500 మంది చనిపోయారు.

ఈ ఉరకామి క్రైస్తవులు ఎవరో తెలిస్తే మన హృదయం మరింత బరువెక్కుతుంది. 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో 26 మంది వేదసాక్షులను సిలువవేసినప్పటినుండి అక్కడి విశ్వాసం రక్తంతో తడిసింది. 1614లో క్రైస్తవ మతాన్ని దేశమంతటా నిషేధించారు. కొంతకాలానికి ఒక్క గురువు కూడా మిగలలేదు. అయినా రెండు వందల ఏళ్ళకు పైగా ఆ పల్లెజనం పూజలేకుండా, పాపసంకీర్తనం లేకుండా, రహస్యంగా తమ బిడ్డలకు తామే జ్ఞానస్నానమిచ్చుకుంటూ విశ్వాసం నిలుపుకొన్నారు. 1865 మార్చి 17న నాగసాకిలో కొత్తగా కట్టిన ఊరా గుడికి వచ్చి, ఫ్రెంచి గురువు పెటిజాన్‌గారితో తామూ అదే విశ్వాసం కలవారమని చెప్పుకున్నారు. తరువాత కూడా వేదహింస తప్పలేదు. 1868నుండి 1873 వరకు 3,000కు పైగా ఉరకామి క్రైస్తవులను దూరప్రాంతాలకు తరలించారు. వారిలో 600కు పైగా చనిపోయారు. మిగిలినవారు తిరిగివచ్చి, పేదరికంలోనే ఇటుక ఇటుక పేర్చి కట్టుకున్న గుడే 1945లో కూలిపోయింది.

ఆ రోజు డాక్టర్ తకాషి నగాయ్ అనే ఎక్స్‌రే వైద్యుడు ఆసుపత్రిలో గాయపడి కూడా రోగులకు సేవచేస్తూ ఉండిపోయారు. ఇంటికి వెళ్ళేసరికి బూడిదలో భార్య మిడోరి ఎముకలు, వాటి దగ్గర కాలిపోయిన జపమాల మాత్రమే దొరికాయి. శిథిలాలనుండి ప్రధానాలయపు గంట ఒకటి చెక్కుచెదరకుండా బయటపడింది. 1945 క్రీస్తు జయంతి ముందురాత్రి ఆ గంట మళ్ళీ మ్రోగింది. పగిలిపోయిన రెండవ గంట స్థానంలో అమెరికా దేశపు కథోలికులు చందాలు వేసుకొని కొత్త గంట చేయించి పంపారు. 2025 ఆగస్టు 9న, సరిగ్గా 11 గంటల 2 నిముషాలకు, ఎనభై ఏళ్ళ తరువాత రెండు గంటలు కలిసి మ్రోగాయి.

రోజుది తప్పా?

ప్రియ పాఠకులారా, ఇప్పుడు ఆలోచించండి. ఈ నాలుగు సంఘటనలను వరుసగా విన్న ఎవరైనా, "అమ్మో, ఆగస్టు 9 మంచి రోజు కాదు" అనవచ్చు. ఆ మాట నిలుస్తుందా?

మొదట వారాలు చూడండి: ఆదివారం, సోమవారం, గురువారం. గురువారం మంచిదంటారు కదా! నాగసాకి కాలినది గురువారమే. రెండవది, ఆ విమానం అసలు బయలుదేరినది కొకురా అనే మరో నగరానికి. అక్కడ మబ్బు, పొగ కమ్మి నేల కనబడక నాగసాకికి తిరిగింది. మరి అదే రోజు, అదే గడియ కొకురాకు మంచిది, నాగసాకికి చెడ్డది అనాలా? రెండు ఊళ్ళకు రెండు ఫలితాలు ఇచ్చేది ఒకే గడియ అయితే, ఫలితం గడియలో లేదన్నమాట.

ఈ తర్కం కొత్తది కాదు. పునీత అగుస్తీనువారు యువకుడుగా ఉన్నప్పుడు జాతకాలను బాగా నమ్మేవారు. ఫిర్మీనుసు అనే మిత్రుడు ఆయనకు తన పుట్టుక సంగతి చెప్పాడు. అతడు పుట్టిన క్షణంలోనే ఒక బానిసస్త్రీకి కూడా బిడ్డ పుట్టాడు. ఇద్దరి జాతకం ఒక్కటే. ఫిర్మీనుసు సంపన్నుడై పెరిగాడు. ఆ రెండవవాడు బానిసగానే మిగిలాడు. ఇది విన్నాక అగుస్తీనువారికి జాతకాలపై మిగిలిన కాస్త నమ్మకం కూడా పోయింది. ఒకే గర్భంలో, ఒకే వేళ పుట్టిన ఏసావు, యాకోబుల జీవితాలు ఎంత వేరో పరిశుద్ధ గ్రంథమే మనకు చెబుతున్నది.

తత్త్వశాస్త్రంలో గురువిద్యార్థులకు తొలిరోజుల్లోనే నేర్పే సంగతి ఒకటున్నది: ఒకదాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాదు. కోడి కూసిన తరువాత తెల్లవారుతుంది. కోడి కూయబట్టే తెల్లవారిందంటే నవ్వుతాం. కోడలు వచ్చిన తరువాత మామగారికి జబ్బు చేసిందంటే మాత్రం తల ఊపుతాం!

అసలు అపాయం మరొకటి ఉన్నది. ఇదే ఈనాటి పాఠానికి కీలకం. రోజును నిందించినప్పుడు మనం రెండు అన్యాయాలు చేస్తాం. నేరం చేసినవాణ్ణి విడిచిపెడతాం, నేరం చేయనివారిమీద నింద వేస్తాం. ఎడిత్ స్టెయిన్ చనిపోయినది ఆగస్టు 9వల్ల కాదు. ద్వేషాన్ని చట్టంగా రాసిన మనుషులవల్ల, రైలు నడిపినవారివల్ల, తలుపు వేసినవారివల్ల, చూసి ఊరుకున్నవారివల్ల. ఫ్రాంజ్‌ను చంపినది సోమవారం కాదు, తీర్పు రాసిన న్యాయస్థానం. 1981 ఫిబ్రవరిలో పోపు రెండవ జాన్ పాల్‌గారు హిరోషిమా, నాగసాకి నగరాలను దర్శించినప్పుడు ఈ సంగతినే గట్టిగా చెప్పారు. యుద్ధం ఆకాశంనుండి ఊడిపడేది కాదని, మనుషుల చేతుల పనేనని, కాబట్టి మనుషులే దానిని ఆపగలరని ఆయన సందేశ సారాంశం.

మన ఇండ్లలోనూ అంతే. మామగారి జబ్బుకు వయసో, పొగాకో, వేళకు మందు వేసుకోకపోవడమో కారణం కావచ్చు. తండ్రి పని పోవడానికి యజమాని లాభనష్టాలో, తండ్రి త్రాగుడో కారణం కావచ్చు. నింద పసిపిల్ల పుట్టిన గడియమీద వేస్తే ఆ త్రాగుడును ఎవరు మాన్పిస్తారు?

మరి చనిపోయిన ఆ 8,500 మంది ఏ పాపం చేశారని అడుగుతారేమో. సిలోయములో బురుజు కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు యెరూషలేము ప్రజలు కూడా ఇదే అనుకున్నారు. వారు ఇతరులకంటే ఎక్కువ పాపులు కారని ప్రభువు స్పష్టంగా చెప్పారు (లూకా 13:4-5). వెంటనే, మీరు హృదయపరివర్తన చెందండి అన్నారు. ప్రభువు దృష్టి గడియవైపు పోలేదు, విన్నవారి హృదయంవైపు పోయింది.

శ్రీసభ రోజులను ఎలా పాటిస్తుంది?

"ఫాదరుగారూ, మరి మీరు కూడా రోజులు పాటిస్తారు కదా! తపస్సుకాలంలో పెళ్ళిళ్ళు వద్దంటారు, శుక్రవారం మాంసం వద్దంటారు" అని మీలో కొందరికి సందేహం రావచ్చు. మంచి ప్రశ్నే. తపస్సుకాలం చెడ్డ కాలం కాబట్టి పెళ్ళి వద్దనడం లేదు. ప్రభువు శ్రమలను ధ్యానించే కాలంలో విందు ఆర్భాటాలు తగవని అలా అంటాం. ఒక ఇంట్లో తండ్రి వర్థంతినాడు బ్యాండుమేళం పెట్టం కదా, అలాంటిదే. దేవుడు చేసిన ప్రతి రోజూ పవిత్రమే. రోజులను, నెలలను చూసి భయపడుతూ బ్రతకవద్దని పునీత పౌలుగారు గలతీయులకు వ్రాశారు (గలతీ 4:10-11). జ్యోతిషాన్ని, శకునాలను ఆశ్రయించడం మొదటి ఆజ్ఞకు విరుద్ధమని కథోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా బోధిస్తున్నది (2116).

అయినా శ్రీసభకు ఒక క్యాలెండరున్నది. రెండవ శతాబ్దంలో స్ముర్న మేత్రాణి పునీత పోలికార్పుగారు వేదసాక్షిగా మరణించినప్పుడు, అక్కడి క్రైస్తవులు ఏటేటా ఆయన మరణదినాన సమావేశమై దానిని ఆయన జన్మదినంగా కొనియాడాలని నిశ్చయించుకున్నారు. చనిపోయిన రోజు పరలోకంలో పుట్టిన రోజు! పంచాంగం రాబోయే రోజును చూసి ఏమవుతుందోనని అడుగుతుంది. శ్రీసభ క్యాలెండరు గడిచిన రోజును చూసి దేవుడు ఏమి చేశాడో జ్ఞాపకం చేస్తుంది. మొదటిదానిలో భయమున్నది, రెండవదానిలో కృతజ్ఞత ఉన్నది.

ఉరకామి రహస్య క్రైస్తవులు ఇందుకు గొప్ప సాక్షులు. గురువులు లేని ఆ దీర్ఘకాలంలో వారిలో ఒక పెద్దకు ఒకే ముఖ్యమైన బాధ్యత ఉండేది: క్రైస్తవ క్యాలెండరును లెక్క తప్పకుండా కాపాడి, ఏ పండుగ ఎప్పుడు వస్తుందో ఇంటింటికీ రహస్యంగా తెలియజేయడం. ఈ బాధ్యత తండ్రినుండి కొడుకుకు వచ్చేది. 1865లో పెటిజాన్‌గారిని కలిసినప్పుడు, ఇప్పుడు మేము దుఃఖకాలం పాటిస్తున్నామని వారు చెప్పారు. నిజంగానే అది తపస్సుకాలం! ఇన్ని తరాలు గడిచినా లెక్క తప్పలేదు. చూశారా, పట్టుబడితే ప్రాణం పోయే ప్రజలు "ఏ రోజు మనకు అచ్చివస్తుంది" అని క్యాలెండరు పట్టుకోలేదు. "ఏ రోజు ప్రభువు మనకోసం ఏమి చేశాడు" అని పట్టుకున్నారు. ఆ క్యాలెండరే వారి విశ్వాసాన్ని బ్రతికించింది.

మరొక సంగతి. ధన్య ఫ్రాంజ్ చనిపోయినది ఆగస్టు 9న అయినా, ఆయన స్మరణను మే 21న జరుపుతారు. 1907లో ఆయన జ్ఞానస్నానం పొందిన రోజు అది. ఆ చెరసాలలో చూపిన ధైర్యానికి విత్తనం పడినది పసితనంలో నీళ్ళు పోసిన ఆ రోజేనని దీని భావం. పోపు ఫ్రాన్సిస్‌గారు జీవించి ఉండగా, "మీ జ్ఞానస్నానపు తేదీ మీకు తెలుసా?" అని ప్రజలను పలుమార్లు అడిగేవారు. మనలో ఎంతమందికి తెలుసు? తిథి నక్షత్రాలు తెలిసినవారికి కూడా ఆ తేదీ తెలియదు.

మన ఇంట్లో

ఈ పాఠం చదివి ఊరుకోకుండా మూడు పనులు చేయమని మిమ్మల్ని ప్రేమతో కోరుతున్నాను.

మొదటిది: ఒక నోటుపుస్తకం తీసుకోండి, లేదా ఇంట్లోని బైబిలు చివరి ఖాళీ పేజీ చాలు. ఇంటిల్లిపాది జ్ఞానస్నాన తేదీలు, వివాహ తేదీ, చనిపోయిన తాత ముత్తాతల తేదీలు వ్రాయండి. జ్ఞానస్నాన తేదీ తెలియకపోతే విచారణ కార్యాలయానికి రండి. రిజిస్టరులో వెదికి చెబుతాం. ఆ రోజుల్లో సాయంత్రం కుటుంబప్రార్థనలో ఆ పేరు తలచుకోండి. ఆ పెద్దకు ఉరకామిలో ఉన్న బాధ్యతే మీ ఇంట్లో అమ్మమ్మకో, నాన్నకో అప్పగించండి.

రెండవది: పెండ్లి తేదీ నిర్ణయించేటప్పుడు బంధువుల సెలవులు, పంట పనులు, పిల్లల పరీక్షలు, గుడి వీలు చూసుకోండి. అది వివేకం. వర్జ్యం, దుర్ముహూర్తం చూడకండి. వియ్యాలవారు ఒత్తిడిచేస్తే గొడవపడక నెమ్మదిగా, "మా విశ్వాసంలో ఏ రోజైనా దేవుని రోజేనండి" అని చెప్పండి. తప్పించుకోవడానికి గురువుమీదికో, వియ్యాలవారిమీదికో నెట్టకండి. ఆషాఢమని, అమావాస్య అని పసిబిడ్డ జ్ఞానస్నానం వాయిదా వేయకండి.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది: మీ ఇంట్లో ఎవరినైనా "నువ్వు పుట్టిన వేళ", "నువ్వు అడుగుపెట్టిన వేళ" అని ఎప్పుడైనా అని ఉంటే, ఈ ఆదివారం పూజకు రాకముందే ఆమె దగ్గరకు వెళ్ళి ఆ మాటను వెనక్కు తీసుకోండి. కానుక పీఠం ముందు ఉంచేముందు సోదరునితో సమాధానపడుమని చెప్పినది ప్రభువే కదా (మత్తయి 5:23-24).

చివరిగా ఒక్క మాట. నిరపరాధికి మరణశిక్ష వేసి, మిత్రులు పారిపోగా, పట్టపగలు చీకటి కమ్మిన రోజు ఒకటున్నది. ఏ లెక్కన చూసినా అంతకంటే చెడ్డ రోజు లేదు. మనమందరం దానిని ఏమని పిలుస్తాం? గుడ్ ఫ్రైడే అని, మంచి శుక్రవారమని! ఆ రోజును మంచిదిగా మార్చినది నక్షత్రం కాదు, ప్రాణమిచ్చిన ప్రేమ. ఆగస్టు 9ని ఎడిత్, ఫ్రాంజ్ పవిత్రం చేసినదీ ఆ ప్రేమతోనే. రేపు తెల్లవారే రోజు మంచిదో చెడ్డదో ఏ క్యాలెండరూ చెప్పలేదు. దానిని ఏ విధంగా గడుపుతామో నిర్ణయించుకునే స్వేచ్ఛను మాత్రం దేవుడు మన చేతుల్లోనే పెట్టాడు.

కుటుంబంలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. మన ఇంట్లో ఏయే పనులను "రోజు మంచిది కాదు" అని వాయిదా వేశాం? అందువల్ల ఎవరికైనా బాధ కలిగిందా?

2. ఫ్రాంజ్ స్థానంలో మన నాన్న ఉంటే, ఫ్రాన్సిస్కా స్థానంలో మన అమ్మ ఉంటే మనం ఏమని చెప్పి ఉండేవారం?

3. మన ఇంటిల్లిపాది జ్ఞానస్నాన తేదీలు మనకు తెలుసా? తెలియనివారివి ఈ నెలలోనే కనుక్కుందామా?

4. వచ్చే ఆగస్టు 9న మన కుటుంబం ఎవరికోసం ప్రార్థించాలి? చనిపోయినవారికోసం ప్రార్థిస్తాం సరే, చంపినవారికోసం కూడా ప్రార్థించగలమా?